పాల పేరు సరే, పాలలో మన పాలెంత?

‘పాలు’ అనే మాట ఎవరి సొత్తు? కొన్నేళ్లుగా మన దేశంలో దీనిమీద పెద్ద తగాదా నడుస్తోంది. సోయా, బాదం, ఓట్లు రుబ్బి, వడగట్టి, డబ్బాల్లో నింపి అమ్మే పానీయాలను ‘పాలు’ అనవచ్చునా, కూడదా అన్నది తగాదా. ఒకవైపు డెయిరీలూ వాటి సమాఖ్యలూ ఉన్నాయి. మరోవైపు కొత్త పానీయాల కంపెనీలూ, జంతుహక్కుల సంస్థలూ ఉన్నాయి. మధ్యలో ప్రభుత్వం, హైకోర్టు. ఇంతమంది గొంతు చించుకుంటున్న ఈ చర్చలో, తెల్లవారుజామున లేచి గేదె పొదుగు కడిగే మనిషి గొంతు ఎక్కడా వినపడదు. వింత ఏమిటంటే ఇరుపక్షాలూ ఆమె పేరు చెప్పుకునే మాట్లాడుతున్నాయి.

మన సంఘాల సమావేశాల్లో కూడా ఈ ప్రశ్న వస్తోంది. ‘ఇది కంపెనీల గొడవ, మనకెందుకు’ అనేవాళ్లున్నారు. ‘పాడి మీద బతికే పేద స్త్రీల కోసం ఆ మాటను కాపాడాలి’ అనేవాళ్లూ ఉన్నారు. నేను ఈ రెంటితోనూ ఏకీభవించను. పేరు పెట్టటం అధికారానికి సంబంధించిన పని, కాబట్టి మనకు అవసరమే. అయితే పాడి స్త్రీ నష్టపోతున్నది బాదం డబ్బా మీద పేరు వల్ల కాదు. పాలకేంద్రం పుస్తకంలో, జనాభా లెక్కల్లో, బ్యాంకు ఖాతాలో ఆమె పేరు లేకపోవటం వల్ల. మాటను కాపాడటానికి పరుగెత్తిన రాజ్యం మనిషిని ఎందుకు వదిలేసిందని అడగటమే మన పని.

జరిగింది ఏమిటి?

2021 మే నెలలో పెటా ఇండియా అనే జంతుహక్కుల సంస్థ అమూల్‌కు ఉత్తరం రాసి, మొక్కల నుంచి తీసే పాల తయారీకి మారమని సలహా ఇచ్చింది. దానికి అప్పటి అమూల్ మేనేజింగ్ డైరెక్టర్ ఆర్.ఎస్. సోధి జవాబిస్తూ, దేశంలో 10 కోట్ల మంది పాడి రైతులున్నారనీ, వారిలో 70 శాతం భూమిలేనివారేననీ, వారి బతుకుతెరువు ఎవరు చూస్తారనీ అడిగారు. అదే ఏడాది సెప్టెంబరులో ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ (ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ.), పాలు కాని పానీయాలను పాల పేర్లతో అమ్మటానికి వీల్లేదంటూ ఆన్‌లైన్ అమ్మకందారులను వాటిని తమ జాబితాల నుంచి తీసెయ్యమంది. కంపెనీలు ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కాయి. 2022లో వీగన్ ఆహారాలకు వేరే నిబంధనలు వచ్చాయి.

ఈ తగాదా మన ఒక్కరిదే కాదు. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంఘం పాల పదాల వాడకం మీద 1999లోనే ప్రమాణం రాసింది. యూరోపియన్ న్యాయస్థానం 2017 జూన్ 14న, సోయా పానీయాన్ని పాలనటం కుదరదని తీర్పు చెప్పింది. అక్కడ మినహాయింపుల జాబితా ఒకటి ఉంది, అది భాషనుబట్టి మారుతుంది. బాదం నుంచి తీసినదాన్ని స్పానిష్ భాషలో ‘పాలు’ అనవచ్చు, ఇంగ్లీషులో అనకూడదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2023 ఫిబ్రవరిలో విడుదల చేసిన ముసాయిదాలో మాత్రం సోయా పాలు అనే మాట వాడుకోవచ్చంది. పోషకాలలో తేడా ఉంటే డబ్బా మీద చెప్పమని కంపెనీలకు సలహా ఇచ్చింది.

ఒకే వస్తువు ఒక దేశంలో పాలు, మరో దేశంలో కాదు, ఒకే ఖండంలో ఒక భాషలో అవును, మరో భాషలో కాదు. దీనినిబట్టి తెలిసేదేమిటంటే, ఇక్కడ తేల్చేది వస్తువు స్వభావం కాదు. ఏ వర్తకుల మాట ఎక్కడ చెల్లుతుందో అది తేలుతోంది.

తెలుగులో పాలు

మన భాషలో ఈ పేచీ ఏనాడూ లేదు. కొబ్బరి పాలు పోసి అన్నం వండుకున్నాం. హల్వా చెయ్యటానికి గోధుమలు నానబెట్టి, రుబ్బి, గోధుమ పాలు తీశాం. తుంచితే కారే జిల్లేడు పాలు కంట్లో పడకుండా పిల్లల్ని కాచుకున్నాం. వరి పొట్టదశ దాటి గింజ కడుతుంటే ‘కంకి పాలు పోసుకుంది’ అన్నాం. జగ్గయ్యపేట పక్కనుంచి పారి కృష్ణలో కలిసే ఏటికి పాలేరు అని పేరు. ఆ ఏట్లో పాలు పారటం లేదని, మోసపోయామని, ఇంతవరకు ఎవరూ కేసు పెట్టలేదు.

మన ఆడవాళ్లకి ఏ పాలు దేనికి పనికొస్తాయో తెలుసు. కొబ్బరి పాలు తోడుపెట్టి పెరుగు కోసం ఎదురుచూసిన ఇల్లాలు లేదు. అందుకే ప్రాధికార సంస్థ కూడా కొబ్బరి పాలకు మినహాయింపు ఇవ్వక తప్పలేదు, అది సంప్రదాయంగా వస్తున్న పేరన్నది కారణం. అంటే అలవాటైన పేరు జనాన్ని మోసం చెయ్యదని చట్టమే ఒప్పుకుంటోంది. ఏ పేరు అలవాటైందో, ఎవరికి అలవాటైందో తేల్చే అధికారం మాత్రం వంటింటికి ఇవ్వలేదు.

తెలుగులో ‘పాలు’ అనే మాటకు ఇంకో అర్థం ఉంది, అది వాటా. పాలు పంచుకోవటం, అన్నదమ్ముల పాలు, పాలివాళ్లు అనే మాటలన్నీ అందులోంచి వచ్చినవే. పాలివాళ్లంటే ఆస్తిలో పాలున్నవాళ్లు, అంటే దాయాదులు. ఆ జాబితాలో ఆడపిల్ల లేదు. 1986లో మన రాష్ట్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఆమెకు పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో పాలు ఇచ్చింది, 2005లో దేశమంతటికీ అదే చట్టం వచ్చింది. పల్లెల్లో ఆ పాలు ఎంతమందికి దక్కిందో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కర్లేదు. మొదటి అర్థంలోని పాలను కాపాడటానికి ఇన్ని సంస్థలు లేచి నిలబడ్డాయి. రెండో అర్థంలోని పాలు అడిగేదెవరు?

చట్టం చూపు

పాలంటే ఏమిటో 2011 నాటి ఆహార ప్రమాణాల నిబంధనలు చెప్పాయి. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: ఆరోగ్యంగా ఉన్న పాడి పశువును పూర్తిగా పితకగా వచ్చిన సహజమైన క్షీరగ్రంథుల స్రావం. ఏమీ కలపకూడదు, ఏమీ తియ్యకూడదు, జున్నుపాలు ఉండకూడదు.

ఈ నిర్వచనంలో పశువుంది. పశువు ఆరోగ్యం ఉంది. స్రావం ఉంది. పితికే చెయ్యి లేదు. పాలు తమంతట తామే వచ్చి బిందెలో పడినట్టు ఉంటుంది. చట్టం ఇంతకంటే ఏం రాస్తుంది, అది ప్రమాణాల చట్టం కదా అని మీరనవచ్చు. నిజమే. కానీ అదే చట్టం రైతుల బతుకుతెరువు పేరుతో అమలవుతున్నప్పుడు ఆ బతుకు ఎవరిదో అడగకుండా ఎలా ఉంటాం?

పైగా ‘ఏమీ కలపకూడదు, ఏమీ తియ్యకూడదు’ అన్న తరువాత ‘ఈ నిబంధనల్లో వేరేగా చెప్పినచోట తప్ప’ అని ఒక తలుపు తెరిచి ఉంచారు. ఆ తలుపులోంచి పరిశ్రమ మొత్తం నడిచి వెళ్తోంది. టోన్డ్ పాలలో 3 శాతం వెన్న ఉంటే చాలు, డబుల్ టోన్డ్‌లో 1.5 శాతం. పాల కొవ్వును, పాలపొడిని నీళ్లలో కలిపి తయారుచేసినదానికి కూడా ‘రీకంబైన్డ్ మిల్క్’ అని చట్టబద్ధమైన పేరుంది. అది తప్పని నేననటం లేదు. గేదె పాలలో వెన్న ఎక్కువ కాబట్టి, దాన్ని సర్ది ఎక్కువమందికి తక్కువ ధరలో అందించాలనే ఆలోచనతోనే టోన్డ్ పాలు ఈ దేశంలో పుట్టాయి. నేననేది ఒక్కటే. పొడీ నీళ్లూ కలిపినా పాలనే పేరుకు భంగం రాలేదంటే, ఆ పేరు పవిత్రత గురించి చెప్పే మాటల్ని కొంచెం తగ్గించుకోవాలి.

గేదె సంగతి కూడా చూడండి. మన మెట్టలో పాడి అంటే గేదె. కృష్ణా జిల్లా ఎగువ పల్లెల్లో పాలకేంద్రానికి వచ్చే బిందెల్లో ఎక్కువ భాగం గేదె పాలే. బజారులో ప్రకటనల్లో మాత్రం పచ్చిక మీద ఆవు నిలబడి ఉంటుంది. నల్లగా ఉండే గేదెకు బొమ్మలో చోటు లేదు. దాని వెనక నిలబడిన నల్లటి ఆడమనిషికీ లేదు.

ముక్త్యాల చుట్టుపక్కల

నేను పుట్టి పెరిగిన ముక్త్యాల కృష్ణ ఒడ్డున ఉంది. 2022 దాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. నాగార్జునసాగర్ డ్యాం కోసం పట్టుబట్టిన ముక్త్యాల రాజాగారి పేరు ఇక్కడ అందరికీ తెలుసు. 1955లో శంకుస్థాపన జరిగిన ఆ డ్యాంకి రాళ్లు, సున్నం తలమీద మోసిన ఆడకూలీల పేర్లు ఎవరికీ తెలియవు. బేతవోలు జగ్గయ్యపేట అయ్యిందీ ఒక జమీందారు తన తండ్రి పేరు పెట్టటం వల్లనే. పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉంటుందో మా ప్రాంతానికి కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇది సాగర్ ఎడమ కాలవ చివరి భూముల ప్రాంతం. నీళ్లు వచ్చిన ఏడు వరి, రాని ఏడు పత్తీ మిరపా. మిరప ధర పడిపోయిన ఏడాది, పత్తికి పురుగు తగిలిన ఏడాది, ఇంట్లో ఉప్పూ పప్పూ కొనేది పాల బిల్లుతోనే. ఆ బిల్లు వెనక పనిని ఒకసారి వరసగా చెప్పుకుందాం. చీకటితో లేచి కొట్టం ఊడ్చాలి, పేడ ఎత్తాలి, కుడితి కలపాలి, తవుడూ తెలగపిండీ పెట్టాలి, దూడను వదిలి గేదె చేపేదాకా ఆగి పాలు తియ్యాలి, కేంద్రానికి మొయ్యాలి. పగలు కూలికి వెళ్లి, వచ్చేటప్పుడు గట్టుమీద గడ్డి కోసుకుని మోపు నెత్తిన పెట్టుకుని రావాలి. సాయంత్రం మళ్లీ మొదటినుంచి. ఎదకొచ్చిన గేదెను కనిపెట్టటం, ఈనే రాత్రి మేలుకుని ఉండటం ఈ లెక్కలోకి రావు. సున్నపురాయి క్వారీలూ సిమెంటు ఫ్యాక్టరీలూ పెరిగిన చోట్ల పశువులు మేసే బంజరు తగ్గి గడ్డి కోసం మరింత దూరం నడుస్తున్నామని ఈ పల్లెల ఆడవాళ్లు చెబుతారు.

ఈ పనిలో మగవాడికి వచ్చే భాగం తరచు రెండు: గేదెను కొనటం, అమ్మటం. చాలా ఇళ్లలో పాలకేంద్రం పుస్తకం మీద పేరు కూడా ఆయనదే. ఇంటికో సభ్యత్వం అంటే ఇంటి ‘యజమాని’కి సభ్యత్వం. సభ్యత్వం ఉన్నవాడికే ఓటు, బోనసు, పాలకవర్గంలో కూర్చునే హక్కు. జగ్గయ్యపేట, నందిగామ పల్లెల్లో స్వయం సహాయక సంఘాలతో పనిచేసే కార్యకర్తలకు ఈ దృశ్యం తెలిసిందే. గేదె కోసం తీసుకున్న బ్యాంకు అప్పు ఆమె పేరున ఉంటుంది, పాల బిల్లు ఆయన పేరున వస్తుంది. కిస్తీ కట్టాల్సిన రోజున ఆమె తన గేదె పాల డబ్బును తనే భర్తను బతిమాలి తెచ్చుకోవాలి. ఇచ్చింది సరిపోకపోతే కూలి డబ్బుతో పూరిస్తుంది.

ఇక ధర. వెన్న శాతాన్నీ, వెన్న కాని ఘనపదార్థాల శాతాన్నీ బట్టి లీటరుకు రేటు కడతారు. యంత్రం ఏ అంకె చూపించిందో బిందె తెచ్చిన మనిషికి చీటీ మీద రాసిస్తారు, చదువు రానివాళ్లకు నోటితో చెబుతారు. ‘నీ పాలలో వెన్న లేదు’ అనే మాట ఆమె నిజాయితీ మీద పడే ముద్ర. నీళ్లు కలిపిందేమోనన్న అనుమానం ఎప్పుడూ ఆమె మీదే. అదే వెన్నను యంత్రంతో తీసి 3 శాతానికి దించితే దానికి గౌరవప్రదమైన ఇంగ్లీషు పేరుంది.

దళిత వాడల్లో ఇంకో అన్యాయం కూడా ఉంది. పాడి ఉన్న ఇంట్లో కూడా చిక్కటి పాలన్నీ కేంద్రానికి పోతాయి. పిల్లలకు మిగిలేది టీ. టీ కూడా పాలు తక్కువ, నీళ్లు ఎక్కువ. ‘పాలు సంపూర్ణాహారం’ అనే ప్రకటన ఆ వాడ గోడమీదే అంటించి ఉంటుంది.

రైతు అంటే ఎవరు?

ఇప్పుడు మళ్లీ ఆ 10 కోట్ల పాడి రైతుల మాటకు వద్దాం. కేంద్ర ప్రభుత్వం ఇటీవల చెబుతున్న లెక్కల ప్రకారమే పాడి పనిచేసేవారిలో దాదాపు 70 శాతం స్త్రీలు. సహకార సంఘాల్లో వారి భాగం 35 శాతానికి అటూ ఇటూ. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాయే నేను చెప్పేదంతా. పనిలో రెండు పాళ్లకు పైన మనవి, సంఘంలో ఒక పాలు.

తెలుగులో ‘రైతు’ అనగానే తలపాగా చుట్టుకున్న మగవాడు కనిపిస్తాడు. ఆడది రైతు అయితే ముందు ‘మహిళా’ అని తగిలించాలి. సోయా పాలకు ముందు ‘సోయా’ అని తగిలించినట్టు. అంటే అసలైన రైతు వేరే ఉన్నాడు, ఈమె ప్రత్యామ్నాయం అన్నమాట. ‘పాలవాడు’ అనే మాట కూడా అంతే. పాలు తీసిన మనిషి ఆడది, సైకిలెక్కి తెచ్చి పోసినవాడు పాలవాడు. 2006 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం సరుకు మీద తప్పు పేరు వేస్తే 3 లక్షల రూపాయల దాకా జరిమానా. ఆడదాని శ్రమ మీద మగవాడి పేరు వేసి అమ్మినందుకు ఈ దేశంలో ఎవరికైనా ఒక్క రూపాయి జరిమానా పడిందా?

జనాభా లెక్కల చరిత్ర చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. స్త్రీల ఉద్యమాలూ, పరిశోధకులూ గట్టిగా అడిగాకే 1991 లెక్కల్లో పొలంలో, ఇంటి వ్యాపారంలో చేసే జీతంలేని పనిని కూడా పనిగా అడగమని ప్రశ్నలో చేర్చారు. ఇంట్లో వాడుకోవటానికే అయినా పాల ఉత్పత్తి చేసేవారిని పనిచేసేవారిగా లెక్కించాలని 2001లో చెప్పారు. అంటే కాగితం మీద పాడి స్త్రీ కార్మికురాలే. కానీ గడపలో నిలబడి ఎన్యూమరేటరు ప్రశ్న అడిగేది మగవాణ్ణి. ‘మా ఆడవాళ్లు ఏమీ చెయ్యరండీ, ఇంట్లోనే ఉంటారు’ అని ఆయన అంటాడు. అది రాసుకుని ఈయన వెళతాడు. రెండు గేదెలు కొట్టంలోంచి ఇద్దరినీ చూస్తూనే ఉంటాయి.

పశువు కూడా తల్లే అనేవారితో

జంతుహక్కుల వైపు నుంచి వచ్చే వాదాన్ని మనం తేలిగ్గా కొట్టిపారెయ్యకూడదు. కరోల్ ఆడమ్స్ 1990లో ‘ది సెక్సువల్ పాలిటిక్స్ ఆఫ్ మీట్’ పుస్తకంలో స్త్రీల అణచివేతకూ జంతువుల అణచివేతకూ ఉన్న సంబంధాన్ని చర్చించారు. పాలూ గుడ్లూ ఆడ జంతువు పునరుత్పత్తి శక్తిని దోచుకోగా వచ్చేవని ఆమె వాదన. ఇందులో నిజముంది. దున్నదూడ పుడితే దానికి మిగిల్చే పాలెన్నో, అది ఎన్నాళ్లు బతుకుతుందో పాడి ఇళ్లలో పెరిగిన మనకు తెలుసు. గేదె చూలు కట్టకపోతే దాని గతీ తెలుసు. ఆడదాని విలువను దాని కడుపుతో కొలిచే లోకం మనకు కొత్తది కాదు.

కానీ ఈ వాదం మెట్ట పల్లెకు వచ్చేసరికి దాని బరువంతా రెండు గేదెల ఆడమనిషి నెత్తిన పడుతుంది. ఆమె గేదెను వదిలేస్తే ఏం చెయ్యాలి? ఓట్లు ఆమె పొలంలో పండవు, పండించటానికి పొలం ఆమె పేరున లేదు. బాదం గింజలు రుబ్బే ఫ్యాక్టరీలో ఆమెకు పాలు లేదు. ఆ డబ్బా కొనే తాహతూ లేదు. పర్యావరణం, కారుణ్యం అనే మంచి మాటలతో వచ్చే కొత్త సరుకు కూడా పెట్టుబడిదారుడి సరుకే. పాలు పడని పిల్లలున్న తల్లికి, జంతువుల పాలు వద్దనుకున్న మనిషికి ఆ సరుకు కావాలంటే ఉండనివ్వండి, దాన్ని తిట్టటం నా ఉద్దేశం కాదు. పాడి స్త్రీకి విముక్తి తెచ్చామని మాత్రం దాన్ని అమ్మేవాళ్లు చెప్పుకోకూడదు. పాడి స్త్రీని కాపాడుతున్నామని డెయిరీలు చెప్పుకోవటం ఎంత న్యాయమో ఇదీ అంతే న్యాయం.

పేరు ప్రాణం తీసే చోట

పేర్ల గొడవ దండగ అని నేననటం లేదు. 1980లలో సారా ప్యాకెట్లను ఊరూరా చేర్చిన పథకానికి ‘వారుణి వాహిని’ అని అందమైన పేరు పెట్టారు. ఆ పేరు వెనక ఉన్నదేమిటో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లోకానికి చెప్పారు. పేరు వల్ల ఎవరికి దెబ్బ తగులుతుందో చూసి పోరాడాలన్న పాఠం మనకు అక్కడినుంచే వచ్చింది.

మన దేశంలో 1992లో ఒక మంచి చట్టం వచ్చింది. తల్లిపాలకు బదులుగా అమ్మే డబ్బాపాలు, పాలసీసాలు, శిశు ఆహారాలను నియంత్రించే చట్టం అది. 1993 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది, 2003లో మరింత బిగించారు. డబ్బా మీద పసిపాప బొమ్మ, తల్లి బొమ్మ వెయ్యకూడదు. తల్లిపాలతో సమానమన్నట్టు ధ్వనించే మాటలు వాడకూడదు. తల్లిపాలే శ్రేష్ఠమని రాయాలి. ఇది మాటల మీద ఆంక్షే. కానీ ఒక బిడ్డ ప్రాణం కోసం, కంపెనీ మోసానికి గురయ్యే ఒక తల్లి కోసం పెట్టిన ఆంక్ష.

దానికి భిన్నంగా, కొన్నేళ్ల కిందట తల్లిపాలనే సేకరించి, శుద్ధిచేసి, అమ్మకానికి పెట్టిన వ్యాపారం మన దేశంలో నడిచింది. తల్లిపాలను శుద్ధిచేసి అమ్మటానికి చట్టంలో అనుమతి లేదని ప్రాధికార సంస్థ 2024 మే 24న స్పష్టంగా చెప్పాల్సి వచ్చింది. పేద తల్లి పాలు కూడా సరుకయ్యేదాకా వచ్చిన మార్కెట్లో, బాదం పాలు ఒక్కటే మోసంగా కనిపించటం ఎంత విచిత్రం!

హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ చేసిన పోరాటం ఇంకా దగ్గరి ఉదాహరణ. విరేచనాలతో నీరసించిన బిడ్డకు ‘ఓఆర్ఎస్’ అని పేరున్న తీపి పానీయాలు పడుతున్నారు, అందులోని చక్కెర బిడ్డకు మరింత ప్రమాదం అని ఆమె ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. 2022 ఏప్రిల్లో ఆ పేరు వాడొద్దన్న ప్రాధికార సంస్థ, అదే ఏడాది జూలైలో డబ్బా మీద ఒక హెచ్చరిక రాస్తే చాలని సడలించింది. చివరికి 2025 అక్టోబరు 14న ఆ సడలింపును రద్దు చేసింది. ఒక ఆడమనిషి పట్టువదలక అడిగితే ఆ న్యాయం జరగటానికి ఎనిమిదేళ్లు పట్టింది.

ఇదే సంస్థ 2024 ఆగస్టు 21న, పాల మీద ‘ఏ1’, ‘ఏ2’ అనే ముద్రలు జనాన్ని తప్పుదోవ పట్టిస్తున్నాయి, తీసెయ్యండని ఆదేశించింది. దేశీ ఆవు ఏ2 పాలని నగరాల్లో హెచ్చు ధరకు అమ్మేవాళ్లు గగ్గోలు పెట్టారు. ఆగస్టు 26న ఆదేశం వెనక్కి తీసుకుంది. బిడ్డల ప్రాణం విషయంలో సంవత్సరాలు, వ్యాపారుల ముద్ర విషయంలో అయిదు రోజులు. పేర్ల చట్టం ఎవరి వేగంతో నడుస్తుందో ఇంతకంటే రుజువు కావాలా?

మనం అడగవలసినవి

కాబట్టి ‘పాలు’ అనే మాటను కాపాడమనే సంతకాల కాగితం మన దగ్గరికి వచ్చినప్పుడు, ‘పాలను విముక్తి చెయ్యండి’ అనే కాగితం వచ్చినప్పుడు, రెండింటికీ మన కాగితం మనం జవాబుగా ఇవ్వాలి.

ఒకటి. పాలకేంద్రంలో సభ్యత్వం పాలు తీసే మనిషి పేరున ఉండాలి, బిల్లు ఆమె ఖాతాలోనే పడాలి. ఇది కుదరని పని కాదు. ములుకనూరులో స్వకృషి మహిళా డెయిరీ 2002 నుంచి పూర్తిగా స్త్రీల సహకార సంఘంగా నడుస్తోంది. తిరుపతి కేంద్రంగా శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ 2014లో మొదలైంది. రాష్ట్రంలో 2020 డిసెంబరులో అమూల్‌తో కలిసి మొదలైన పథకంలో కూడా స్త్రీల పేరుమీదే సంఘాలు కట్టారు. కానీ ప్రభుత్వం ఇచ్చేది ప్రభుత్వంతో పోవచ్చు. సభ్యత్వం పథకంగా కాక చట్టంలో హక్కుగా ఉండాలి.

రెండు. 2027 జనగణనలో ప్రతి పాడి ఇంట్లో ఆడమనిషినే అడిగి ఆమె పని రాసుకోవాలి. మన కార్యకర్తలు ఊరూరా ముందే చెప్పి ఉంచాలి. ‘ఏం పని చేస్తావమ్మా’ అంటే ‘ఏమీ లేదు’ అనకుండా ‘పాడి’ అని చెప్పేటట్టు ప్రతి ఆడమనిషికీ మనం తోడుండాలి.

మూడు. వెన్న శాతం పరీక్ష బహిరంగంగా, ఆమె కళ్లముందు జరగాలి. తిరిగి పరీక్షించమని అడిగే హక్కు ఉండాలి. చీటీ తెలుగులో ఉండాలి.

నాలుగు. ఏ డబ్బా అయినా సరే, బాదంది కానివ్వండి, పొడి కలిపిన పాలు కానివ్వండి, అందులో ఏముందో, మాంసకృత్తులు ఎన్నో, కాల్షియం ఎంతో పెద్ద అక్షరాల్లో తెలుగులో రాయాలి. పసిపిల్లలకు పాలకు బదులుగా పనికిరానిదైతే ఆ ముక్క ముందువైపునే ఉండాలి. పాలకి పాలు, నీళ్లకి నీళ్లు తేలిపోతాయి. పేరేదైనా తల్లి మోసపోదు.

అయిదు. పాల ప్యాకెట్ మీద గరిష్ఠ ధర పక్కనే, పాలు పోసిన మనిషికి లీటరుకు ఎంత ఇచ్చారో కూడా అచ్చువెయ్యాలి. వెన్న శాతం అచ్చువెయ్యగలిగినవాళ్లకి ఆ అంకె వెయ్యటం కష్టమేమీ కాదు.

ఈ అయిదింటిలో ఒక్కదానికి కూడా ‘పాలు’ అనే మాటకు కాపలా కాయాల్సిన అవసరం లేదు. ఆ మాట వేల ఏళ్లుగా కొబ్బరికాయలోనూ, వరికంకిలోనూ, గేదె పొదుగులోనూ హాయిగానే ఉంది. దాని గురించి ఎవరూ బెంగపడక్కర్లేదు. కాపలా కావలసింది బిందె నెత్తిన పెట్టుకుని చీకట్లో కేంద్రానికి నడిచే మనిషి పాలుకి. డెయిరీల సమాఖ్య అయినా, పానీయాల కంపెనీ అయినా మన సంఘాల మద్దతు కోరి వస్తే, వాళ్లకు మనం వెయ్యాల్సిన మొదటి ప్రశ్న ఒకటే: మీ పుస్తకంలో ఆమె పేరు ఏ పేజీలో ఉంది?